అంగిలి వెడల్పు



బాసర క్షేత్రమునకు పసిబిడ్డలను అక్షరాభ్యాసమునకై దూరప్రాంతములనుండి తీసికొనివత్తురు. పలకపై అక్షరము దిద్దించి నోట పలికింతురు. ఆ అక్షరము పుట్టు తావును పరిశీలించు తలిదండ్రులు మాత్రము అరుదు. శిక్షాశాస్త్రజ్ఞులు ఇకారమును, చవర్గమును, యకార శకారములను తాలవ్యములనిరి. అనగా అంగిలికడ పుట్టునవి. చాపలోని చకారమును దంతమూలమునను, చీమలోని చకారమును అంగిలికడను పలుకు తెలుగువారు, ఆ అంగిలిని గూర్చి వైద్యులు చెప్పునది వినుట ఉచితము.

పైదవడ ఒక్క ఎముక కాదు. కుడియెడమల రెండెముకలు అంగిలి నడుమ ఒక గీతవెంట కలిసికొనును. బాల్యమున ఆ అతుకు మెత్తని నారవంటి పదార్థముతో నుండును. వయసు వచ్చుకొలది ఎముకల అంచులు ఱంపపు పండ్లవలె ఒండొంటిలో చిక్కుకొని బిగియును. కొందరు పిల్లలకు అంగిలి ఇరుకై, గోపురమువలె ఎత్తుగా నుండును. అట్టివారికి పై దవడపండ్లు క్రిందివానికి లోపలగా పడును. ముందుపండ్లు చోటు చాలక ఒకదానిపై నొకటి ఎక్కును. ఒక్కొక్కరికి క్రిందిదవడ ప్రక్కకు జరిగి ముఖము వంకరగా కానవచ్చును.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఎమర్సన్ ఏంజెల్ అను దంతవైద్యుడు, ఒక బాలిక అంగిలికి అడ్డముగా మరమేకు అమర్చి, దానిని త్రిప్పించి రెండెముకలను ఎడము చేసినట్లు 1860లో ప్రకటించెను. తోటివైద్యులలో పలువురు నమ్మలేదు. అమెరికాలో ఆ పద్ధతి చాలకాలము మరుగున బడి, 1961లో ఆండ్రూ హాస్ పరిశోధనతో మరల ప్రచారమునకు వచ్చెను.

నేటి పరికరమున దవడపండ్లకు లోహపు పట్టీలు అతికి, వాని నడుమ అంగిలిక్రింద మరమేకు నుంతురు. తల్లియో తండ్రియో తాళపుచెవివంటి చిన్న పుల్లతో దినమునకు ఒకటి రెండుమారులు దానిని త్రిప్పవలెను. ఒకమారు త్రిప్పుట యనగా పావుచుట్టు. దానికి సుమారు 0.25 మిల్లీమీటరు వెడల్పు కలుగును. 20 మారులకు 5 మిల్లీమీటరులు. లెక్క తేలికయే, బిడ్డ నోటిలో చేయిపెట్టినప్పుడు చేయి వణకును. కొన్ని దినములకు పై ముందుపండ్లు రెండింటి నడుమ సందు తెరచుకొనును. దానికి బెదరి త్రిప్పుట మానరాదు. అతుకు విడినదనుటకు అదియే గుర్తు. పిదప ఆ సందు చాలవరకు తనంత తానే మూసికొనును. త్వరపడి వైద్యుడు చెప్పినదానికంటె ఎక్కువ త్రిప్పుటయు తప్పే. మొదటి దినములలో నోట నీరూరును, మాట తడబడును. ఆ కొన్నాళ్లు బడిపిల్లలు వెక్కిరింపకుండ పంతులుగారికి ముందే చెప్పియుంచుట మేలు.

వెడల్పు వచ్చినంతనే పరికరము తీయింపరాదు. విడిన చోట క్రొత్త ఎముక పూడుటకు 3 మొదలు 6 నెలలు పట్టును. అంతకుముందే తీయించిన, జమ వ్రాసినది ఆనాడే ఖర్చు వ్రాసినట్లగును.

గురకను, చదువులో వెనుకబాటును, సర్వరోగములను ఇది మాన్పునని చెప్పువారును కలరు. వారి మాట నమ్మదగినది కాదు. ముక్కుదారి కొంత వెడల్పగుట నిజమే. అయినను నోటితో ఊపిరి పీల్చు బిడ్డను చెవి ముక్కు గొంతు వైద్యునికి కూడ చూపవలెను. ప్రతి ఉచ్చారణదోషమునకు అంగిలి కారణము కాదు. నాలుక ఇరుకింటనైనను సర్దుకొన నేర్చినది.

అసలు నష్టము ఆలస్యమువలన కలుగును. ఆడపిల్లల విషయమున “పెండ్లినాటికి చూతము” అను వాయిదా తరచుగా వినబడును. అప్పటికి అతుకు బిగిసి, ఎముకలో చిన్న మరమేకులు దింపియో శస్త్రచికిత్స చేసియో వెడల్పు సాధింపవలసివచ్చును. 7, 8 ఏండ్ల వయసుననే ఒకమారు చూపించిన, యౌవనమునకు ముందే పని ముగియవచ్చును. హైదరాబాదు అఫ్జల్‌గంజున, 1959లో స్థాపితమైన ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. బాసర స్టేషను సికింద్రాబాదు–మన్మాడు మార్గముననే యున్నది. అయితే ఒక్క ప్రయాణముతో తీరునని తలంపక, వైద్యుడు రమ్మన్నప్పుడెల్ల పోవలసియుండునని ముందుగనే ఎంచుకొని బయలుదేరవలెను.