నయాగరా నది: మంచు, ఓడలు, వంతెనలు



నయాగరా అనగానే చదువరుల మనస్సునకు జలపాతమే తోచును. బడి పుస్తకములలో ఉండు బొమ్మ అదియే గాన అందులో వింత లేదు. కాని జలపాతము ఆ నదిలో ఒక్క చోటు మాత్రమే. నది పొడవు సుమారు 58 కిలోమీటర్లు. ఈరీ సరస్సున బయలుదేరి ఒంటారియో సరస్సున కలియు ఈ పొట్టి నది నడుమగా రెండు దేశముల ఎల్ల పోవుచున్నది. తూర్పు గట్టు అమెరికా సంయుక్త రాష్ట్రములది; పడమటి గట్టు కెనడాది. 1812లో మొదలైన యుద్ధమున ఈ గట్లపై ఇరువాగుల సైనికులును నేలకూలిరి. తరువాతి కాలమున ఆ రెండు గట్లను కలుపుటకు మనుష్యులు పడిన పాట్లును, వారు కలిపినదానిని మంచు విరుగగొట్టిన తీరును నేటి ప్రసంగమునకు విషయములు.

మంచు అనిన ఈ ప్రాంతమువారు ఎఱిగినది తెల్లవాఱుజామున గడ్డిపరకలపై నిలుచు బిందువులును, చేపల పెట్టెలలో వేయు ఐసుగడ్డలును మాత్రమే. ఈరీ సరస్సు సంగతి వేఱు. ఉత్తర అమెరికాలోని అయిదు మహాసరస్సులలో లోతు తక్కువైనది అదియే. కావున త్వరగా గడ్డకట్టును. నీటికొక విచిత్రమైన గుణము కలదు. 4 డిగ్రీల వఱకు చల్లబడుకొలది బరువెక్కి అడుగునకు దిగును. అంతకంటె చల్లబడినచో మరల తేలికయై పైననే నిలుచును. గడ్డకట్టునప్పుడు నూటికి 9 పాళ్లు వ్యాకోచించును. అందుచేతనే సరస్సు పైభాగము పలకవలె గట్టిపడి, క్రింద నీరు నీరుగానే ఉండును. నైరృతి దిక్కున గాలి విజృంభించినప్పుడు ఆ పలక ముక్కలై, బఫెలో పట్టణమువద్దనున్న నదీముఖమునకు కొట్టుకొనివచ్చును. ఆ ముక్కలు అక్కడ ఇఱుకుకొన్నచో నది ఆగును. ఇఱుకక సాగినచో జలపాతము మీదుగా లోయలో పడి, గుట్టలుగా పేరుకొనును.

నది ఆగుట మాటవరుసకు చెప్పినది కాదు. 1848 మార్చి 29వ తేదీ రాత్రి మంచు ముఖద్వారమును మూసివేసెను. జలపాతపు హోరు వినుచు నిద్రించుటకు అలవాటుపడినవారు ఆ రాత్రి హోరు లేకపోవుటచేత మేలుకొనిరి! మిల్లుల చక్రములు నిలిచిపోయెను. తెల్లవాఱినపిదప జనులు బండల నడుమ దిగి, వెనుకటి యుద్ధమునాటి బాయొనెట్లును, తుపాకి గొట్టములును ఏఱుకొనిరి. ప్రళయము వచ్చినదని భయపడి ప్రార్థనా మందిరములు చేరినవారును కలరు. మార్చి 31 రాత్రి అడ్డు తెగి నీరు తిరిగివచ్చెను.

ఆ సంవత్సరమే వంతెన పనియు ఆరంభమయ్యెను. జలపాతమునకు దిగువనున్న లోయ అతి లోతైనది. అడుగున నీరు పడవ నిలువనీయని వడి కలది. మొదటి తీగెను ఆవలి గట్టునకు చేర్చుట ఎట్లు? చార్లెస్ ఎలెట్ అను ఇంజనీరు గాలిపటముల పందెము పెట్టించెను. హోమన్ వాల్ష్ అను బాలుడు కెనడా గట్టునుండి ఎగురవేసిన పటము ఆవలికి చేరెను గాని, దారము మంచుకు ఒరసికొని తెగిపోయెను. నదిలో మంచు కదలుచుండుటచేత రేవు ఆగిపోగా ఆ పిల్లవాడు ఎనిమిది దినములు పరాయి గట్టున చిక్కుకొని, తరువాత పటమును బాగుచేసికొని మరల ఎగురవేసి పందెము గెలిచెను. దారము వెంట త్రాడు, త్రాడు వెంట ఇనుప తీగె పోయినవి. ఇంజనీర్ల చరిత్రలో ఇంతటి ముచ్చటైన ప్రారంభము మఱియొకటి అరుదు. 1855లో జాన్ రోబ్లింగ్ అక్కడనే రెండంతస్తుల వ్రేలాడు వంతెన కట్టెను. పై అంతస్తున రైళ్లు, క్రింద బండ్లు నడిచినవి. వ్రేలాడు వంతెన రైలు బరువును మోయజాలదని పలికిన పండితులకు అది చాలిన సమాధానము.

వంతెన ఒకరికి మేలుచేసి మఱియొకరి పొట్టకొట్టుట లోకమున కలదు. 1846లో ‘మెయిడ్ ఆఫ్ ది మిస్ట్’, అనగా తుంపరల కన్య, అను ఆవిరి ఓడ ఆ నదిలో రేవుపడవగా దిగెను. రెండేండ్లకే వంతెన రాగా, ఓడవారికి జలపాతము చూడవచ్చువారిని త్రిప్పుటయే బ్రతుకుతెరువయ్యెను. 1854లో అదే పేర కట్టిన రెండవ ఓడ 1861లో అమ్ముడుపోయెను. ఓడను ఒంటారియో సరస్సులో అప్పగింపవలెనని కొన్నవారి నిబంధన. అచ్చటికి పోవు త్రోవ ఒక్కటే: భయంకరమైన వడిపాఱుడు, దాని చివర సుడిగుండము. జూన్ 6న కెప్టెన్ జోయెల్ రాబిన్సన్ మరి ఇద్దఱితో ఓడను అందులోనికి వదలెను. పొగగొట్టము విఱిగి కొట్టుకొనిపోయెను. ఓడ ఒక ప్రక్కకు ఒఱిగి, లేచి, సుడిని దాటి బయటపడెను. ముగ్గురును బ్రతికిరి. రాబిన్సన్ మరల నదీవృత్తి చేపట్టలేదు. ఇల్లు చేరునప్పటికి ఇరువదియేండ్లు ముదిసినట్లు కనబడెనని అతని భార్య అన్నట్లు చెప్పుదురు. ఓడలు 1885లో మరల వచ్చినవి. 1955లో అగ్నిప్రమాదమున కాలిపోవువఱకు ఆవిరివే నడిచినవి. 2020 నుండి విద్యుత్తుతో నడచు ఓడలు ఉన్నవి.

లోయలో పేరుకొను మంచు ఒక గట్టునుండి మఱియొక గట్టునకు పఱచుకొనును. దానిని మంచువంతెన యందురు. పూర్వము శీతకాలమున అది తిరునాళ్లవలె ఉండెడిది. దానిపై గుడిసెలు వేసి ఫలహారములు, పానీయములు అమ్మెడివారు. 1912 ఫిబ్రవరి 4న అది హఠాత్తుగా కదలెను. టొరంటో దంపతులును, క్లీవ్‌లాండునుండి వచ్చిన 17 ఏండ్ల యువకుడును తేలిపోవు ముక్కలపై చిక్కుకొనిరి. వంతెనలపైనుండి త్రాళ్లు వదలిరి. యువకుడు ఒక త్రాడు పట్టుకొని కొంతదూరము పైకి ఎక్కి, చేతులు పట్టు తప్పి పడిపోయెను. భర్త మఱియొక త్రాడును భార్య నడుమునకు కట్టబోగా అది తెగెను. గట్లపై జనులు చూచుచుండగనే ముగ్గురును నీటిపాలైరి. నాటినుండి మంచుపై నడచుట నిషిద్ధము.

జలపాతమునకు సమీపమున 1898లో పూర్తియైన ఉక్కు కమాను వంతెన 840 అడుగుల వెడల్పు దాటుచుండెడిది. క్రొత్త దంపతులు ఎక్కువగా వచ్చుటచేత దానికి హనీమూన్ బ్రిడ్జి అని వాడుకపేరు. దాని మూలాధారములు నీటికి మిక్కిలి చేరువగా ఉండుటయే దోషము. 1899లోనే మంచు వానిపైకి ఎగబ్రాకగా గోడలు కట్టిరి. 1938 జనవరిలో ఈరీ సరస్సుపై పెనుగాలి వీచెను. ఒక్క రాత్రిలో లోయ మంచుతో నిండి, కెనడా వైపు విద్యుత్కేంద్రములోనికి సైతము చొరబడెను. పనివారు కమాను పాదములవద్ద మంచును నఱకుచునే ఉండిరి గాని ఉక్కు వంగసాగెను. రాకపోకలు ఆపివేసిరి. 27వ తేదీ మధ్యాహ్నము వేచియున్న జనసమూహము ఎదుట వంతెన మంచుపై కూలెను. ఒక్క ప్రాణమైనను పోలేదు. ఆ ఉక్కు శిథిలము ఏప్రిల్‌లో మంచు కదలువఱకు అట్లే పడియుండి, పిదప మునిగిపోయెను.

1941 నవంబరు 1న తెఱచిన రెయిన్‌బో బ్రిడ్జికి మూలాధారములను మంచు అందని ఎత్తున కట్టిరి. అంతటితో ఊరకుండక, రెండు దేశములవారు 1964నుండి ఈరీ సరస్సు ముఖమున తేలు దూలముల గొలుసును అడ్డముగా వేయుచున్నారు. మొదట అవి కొయ్య దూలములు; 1990లలో ఉక్కు గొట్టములు వచ్చినవి. పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. సరస్సు నీరు 4 డిగ్రీలకు చల్లబడగనే, లేనిచో డిసెంబరు 16న, దానిని అమర్చుటకు ఆరంభింతురు. పెనుగాలికి మంచు దానిపైనుండి దాటిపోవుటయు కద్దు. గాలి తగ్గగనే గొలుసు మరల తేలి మిగిలిన మంచును నిలుపును. ఏప్రిల్ 1 నాటికి తీయ మొదలుపెట్టవలెనని నియమము. కాని సరస్సు తూర్పు భాగమున 650 చదరపు కిలోమీటర్లకు మించి మంచు నిలిచియున్నచో మఱికొన్నాళ్లు ఆగుదురు.