ఒలింపిక్స్‌లో ఓడి సారీ చెప్పిన భవానీ దేవి.. ఆమె కథ ఎందుకు తెలుసుకోవాలి?

శంకరంపేట నుంచి మాట్లాడుతున్నా. మా బాబాయి కొడుకు ఒకడున్నాడు. జిల్లా సెలెక్షన్స్‌లో పేరు రాలేదని నెల రోజులుగా గ్రౌండ్ మొహం చూడట్లేదు. ఈ ఎపిసోడ్ గురించి చెప్తే, "రెండో మ్యాచ్‌లనే ఓడిపోయినామె గురించా? ఎవరు చూస్తరన్నా?" అన్నాడు. తమ్మీ, ఇది నీకోసమే.

ఆమె పేరు చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీ దేవి. 1993లో చెన్నైలో పుట్టింది. నాన్నగారిది సామర్లకోట, పూజారి. 2004లో స్కూల్లో ఆటలకు పేర్లు రాసుకుంటుంటే, ఈమె వంతు వచ్చేసరికి మిగతావన్నీ నిండిపోయాయి. మిగిలింది ఫెన్సింగ్ ఒక్కటే. సరే అని చేరింది.

ఇక్కడ కొంచెం బీటెక్ బుర్ర వాడదాం. ఆమె ఆడేది సేబర్. ఇందులో నడుము పైభాగానికి దెబ్బ తగిలితేనే పాయింట్. వేసుకునే జాకెట్‌లో మెటల్ దారాలుంటాయి. కత్తి తగలగానే సర్క్యూట్ పూర్తయి లైటు వెలుగుతుంది. ఆ కత్తులు బాగా ఖరీదు. అందుకే మొదట్లో వెదురు కర్రలతో ప్రాక్టీస్ చేసింది. వెదురుకి కరెంట్ పారదు, లైటూ వెలగదు. అయినా రోజూ సాధన ఆపలేదు.

14 ఏళ్లకి టర్కీలో మొదటి ఇంటర్నేషనల్ టోర్నీ. మూడు నిమిషాలు లేటయిందని బ్లాక్ కార్డ్ చూపించి పంపేశారు! ఇంకొకరైతే అక్కడే ఆపేసేవారేమో. ఆమె తర్వాత కేరళలోని తలశ్శేరిలో, ఆ తర్వాత ఇటలీలో ట్రైనింగ్ తీసుకుంది.

2021 జూలై 26, టోక్యో. ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ఆడిన మొదటి ఫెన్సర్. ట్యునీషియా ప్లేయర్ మీద 15-3తో గెలిచింది. తర్వాత ఫ్రాన్స్‌కి చెందిన మానన్ బ్రూనే చేతిలో 7-15తో ఓడింది. ఆ బ్రూనేకి చివరికి బ్రాంజ్ వచ్చింది. గోల్డ్ రష్యా అమ్మాయి సోఫియా పొజ్నియకోవాది. సోఫియా వాళ్ల నాన్న స్తానిస్లావ్ కూడా సేబర్‌లోనే నాలుగు ఒలింపిక్ గోల్డ్‌లు గెలిచాడు. ఆమెకి ఆట ఇంట్లోనే ఉంది. భవానీకి మాత్రం అడుగుదామంటే ఒలింపిక్స్ ఆడిన ఫెన్సర్ దేశంలోనే లేరు. అయినా ఓడాక ట్విట్టర్‌లో దేశానికి సారీ చెప్పింది.

సారీ చెప్పి ఇంట్లో కూర్చోలేదు. 2023లో చైనాలోని వూషీలో ఆసియా ఛాంపియన్‌షిప్. క్వార్టర్స్‌లో ప్రపంచ ఛాంపియన్, జపాన్‌కి చెందిన మిసాకి ఎమురాని 15-10తో ఓడించింది. సెమీస్‌లో 14-15, ఒక్క పాయింట్‌తో ఫైనల్ పోయింది. కానీ ఆ బ్రాంజే ఈ పోటీల్లో ఇండియాకి మొట్టమొదటి ఫెన్సింగ్ మెడల్.

టోక్యోలో ఓడిన రోజుకీ ఈ మెడల్‌కీ మధ్య దాదాపు రెండేళ్లు. నువ్వు గ్రౌండ్‌కి పోక నెలే అయింది తమ్మీ. రేపు పొద్దున ఆరింటికి వస్తా, షూస్ వేసుకుని రెడీగా ఉండు.