పిల్లికూన ఇంటికొస్తే



పిల్లి అనగానే మనం పాలగిన్నె పెడతాం. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లులకు పడవు, విరేచనాలవుతాయి. మంచినీళ్ళు పెట్టండి. పెరుగన్నంతో సరిపెడదామంటే కుదరదు. మాంసం, చేపల్లో ఉండే టారిన్ అనే పదార్థం చాలకపోతే పిల్లి చూపు, గుండె దెబ్బతింటాయి. మాలాగా ఇంట్లో నీచు వండనివారు కూనల కోసం అమ్మే మేత కొనుక్కోవచ్చు. రోజుకు 3, 4 సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి.

వెడల్పాటి బేసిన్‌లో ఇసుక పోసి మూలన ఉంచి, తిన్న వెంటనే కూనను అందులో దింపండి. త్వరలోనే నేర్చుకుంటుంది. వేరేచోట పోస్తే కొట్టకండి. భయపడి మంచం కిందికి పోయి పోస్తుంది. వేళ్ళతో ఆడించకండి, తాడుతో ఆడించండి. గోరు గీరుకుంటే సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించుకోండి. మూడు నెలలు నిండగానే కూనకు రేబీస్ టీకా వేయించాలి.

అసలు చెప్పవలసింది ఒకటుంది. మా మొదటి కూన ఒళ్ళు వేడిగా ఉందని, నేను వేసుకునే పారాసెటమాల్ అర బిళ్ళ నీళ్ళలో కలిపి నేనే పోశాను. మర్నాటికి చిగుళ్ళు నీలంగా మారాయి, ఆయాసం వచ్చింది. పశువుల డాక్టరుగారు చూసేసరికే ఆలస్యమైంది. పిల్లి కాలేయానికి ఆ మందును వదిలించుకునే శక్తి లేదని అప్పుడే తెలిసింది. మన మంచాల పక్కన మాత్రలెప్పుడూ ఉండేవే. మూత బిగించిన డబ్బాలో పెట్టండి. కిందపడ్డ బిళ్ళను వెంటనే తీయండి.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది రెండోది. రాత్రి లేస్తే లైటు వేసుకునే నడుస్తాను, సరిగ్గా కాళ్ళ మధ్యకే వస్తుంది. సెలవు.