చిత్రపటములలో సేనానులు



శ్రీరంగపట్టణమున దరియా దౌలత్ భవనపు గోడపై పొల్లిలూరు యుద్ధము చిత్రింపబడియున్నది. 1780 సెప్టెంబరు 10వ తేదీన, కాంచీపురము చేరువనే, హైదరాలీయు టిప్పువును కుంపిణీ సేనను చుట్టుముట్టి ఓడించిరి. చిత్రమున విజేతలు ఠీవితో వెలుగుచుందురు; కర్నల్ బెయిలీ పల్లకిలో నిస్సహాయుడై కూర్చుండును.

1792 నాటి ఘట్టమును చిత్రించిన ఆంగ్లేయుడు రాబర్టు హోమ్, కారన్‌వాలిసు ప్రభువు టిప్పు కుమారులను ఆదరించుచున్నట్లు చూపినాడు. వారు తాకట్టుగా వచ్చిన బాలురన్న మాటను ఆ ఆదరము మరపించును. కుంచె గెలిచినవాని పక్షమే.

వర్తకుడనగుటచే నాకు ఈ లెక్కలో ఒక పద్దు తప్పినట్లు తోచును. బెయిలీ సేన గుంటూరు సీమనుండి నడచి వచ్చినది. ఉత్తరదేశమున సిపాయికి ‘తిలంగా’ అను పేరు మనవారినిబట్టియే కలిగినది. పటములలో వారికి పేరు లేదు.

మీ యిండ్లలో పూర్వుల సైనికపత్రములున్నచో చెదలకు విడువక, ఆ పేర్లు పిల్లలకు చెప్పుడు. ఇదియే నా విన్నపము.