ధర్నా చౌక్: తేలని తగవు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన అరబ్బీ ‘హక్’ తెలుగులో ‘హక్కు’ అయింది. ఇందిరా పార్కు పక్కనున్న ధర్నా చౌక్ గొడవ రెండు హక్కుల మధ్య గొడవ. అన్యాయం జరిగినవాడికి గొంతెత్తే హక్కు ఉంది. పొరుగువాడికి నెమ్మదిగా బతికే హక్కు ఉంది. మన దీన్‌లో రెండూ బరువైనవే.

ఇక నాయకుల సంగతి. 2017లో ప్రభుత్వం ధర్నాలు ఇక్కడ వద్దని ఊరి శివార్లలో స్థలాలు చూపించింది. మే 15న ఇక్కడే ఘర్షణ జరిగింది. 2018 నవంబరులో హైకోర్టు ధర్నాలకు అనుమతి ఇమ్మంది. వద్దన్న ముఖ్యమంత్రిగారే 2021 నవంబరు 18న మంత్రులతో సహా వడ్ల కొనుగోలు కోసం ఇక్కడే మహాధర్నాకు కూర్చున్నారు! ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఏ పార్టీకైనా ప్రతిపక్షంలో ఉంటే ఈ చోటు ముద్దు, గద్దెనెక్కితే చేదు. స్థానిక నాయకులదేమో కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న తీరు. ధర్నాకొచ్చిన వాళ్లకు ఒక మాట, కాలనీవాళ్లకు ఇంకో మాట.

చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునే పిల్లలకు నిశ్శబ్దం కావాలి. కానీ 2024 అక్టోబరులో గ్రూప్-1 అభ్యర్థులే అశోక్‌నగర్ వీధుల్లోకి వచ్చి నినాదాలు చేశారు. ఈ రోజు చప్పుడుకు విసుక్కున్నవాడే రేపు ఫిర్యాదుదారుడు కావచ్చు. వక్ఫ్ భూముల కోసమో, కబరస్తాన్ కోసమో రేపు మనమూ అక్కడ కూర్చోవలసి రావచ్చు.

దారి లేకపోలేదు. ఢిల్లీ జంతర్ మంతర్ విషయంలో 2018 జూలైలో సుప్రీంకోర్టు ధర్నాలను పూర్తిగా నిషేధించడం తగదంది, నివాసుల ఇబ్బందినీ గుర్తించి నియమాలు చేయమంది. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ కూడదు.

కాబట్టి మన సొసైటీ ఇరుగుపొరుగు కాలనీల వారందరినీ కలుపుకొని, హిందువులూ ముస్లింలూ ఒకే కాగితం మీద సంతకాలు చేసి, ఒక వినతిపత్రం ఇవ్వాలని నా మనవి. ధర్నా వేళలు, మైకు హద్దు, అంబులెన్సుకు దారి, తాగునీరు, మరుగుదొడ్లు: ఇవి రాతపూర్వకంగా రావాలి. నోటిమాట ఎన్నికలతో పోతుంది, కాగితం నిలుస్తుంది.

సెలవు. ఖుదా హాఫిజ్.