కెల్టుల గాథలు - మన యింటి భాష



ప్రాచీన కెల్టు జాతివారి పురాణగాథలయందు మాకు చిరకాలముగా మక్కువ కలదు. గాల్ దేశపు డ్రూయిడ్ గురువులు తమ విద్యను వ్రాతకెక్కింపక, కొందరు శిష్యులచే 20 ఏండ్లు వల్లె వేయించిరని జూలియస్ సీజరు వ్రాసెను. రోమను పాలనలో ఆ భాష అణగారగా గాథలును చాలవరకు అంతరించెను. ఐర్లండు క్రైస్తవ సన్యాసులు తమ దేశపు పూర్వగాథలను గ్రంథస్థము చేసిరి; కనుకనే కుహూలిన్ వీరుని కథ నేటికిని నిలిచినది.

అయినను వ్రాత యొక్కటియే చాలదు. మాన్ ద్వీపపు కెల్టు భాషలో 18వ శతాబ్దిలోనే బైబిలు అచ్చయ్యెను. ఇండ్లలో పలుకు సన్నగిల్లగా, ఉగ్గుపాలతో ఆ భాష నేర్చిన కడపటివాడు 1974లో గతించెను. 2001లో ఆ భాషయే బోధనామాధ్యమముగా ప్రాథమిక పాఠశాల వెలసి, పిల్లల నోట అది మరల వినవచ్చుచున్నది.

కావున తల్లిదండ్రులకు మా మనవి: అక్షరము మేము నేర్పుదుము, రాత్రివేళ కథ మీరు తెలుగున చెప్పుడు.