బాల్యంలో దొరికిన పుస్తకం

(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి మన సభలలో తరచుగానే మాట్లాడుకుంటున్నాం. ఫీజులు, ఉపకార వేతనాలు, సీట్లు, రిజర్వేషన్లు మన చర్చలలో ప్రధాన స్థానం పొందుతున్నాయి. అవి అవసరమైన విషయాలే. అయితే పాఠ్యపుస్తకాలకు వెలుపల మన పిల్లలు ఏమి చదువుతున్నారు, చదవడానికి అసలు వారికి ఏమైనా దొరుకుతున్నదా అనే ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఖుర్ఆన్ అవతరణ చదవమనే ఆజ్ఞతో ప్రారంభమైందని సగర్వంగా చెప్పుకునే మనకు ఈ మౌనం తగదు. బాల్య పఠనం మనిషిని ఎలా మలుస్తుందో ముగ్గురి జీవితాలలో చూద్దాం.

మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ 1888లో మక్కాలో జన్మించారు. ఆయన బడికి వెళ్ళి చదువుకోలేదు. కలకత్తాలోని ఇంటిలోనే తండ్రి, ఉస్తాదులు ఆయనకు అరబ్బీ, ఫార్సీ, మతశాస్త్రాలు నేర్పారు. ఆధునిక విద్యపై తండ్రికి విశ్వాసం లేదు. బాల్యం దాటుతున్న వయసులో ఆయన చేతికి సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ రచనలు అందాయి. ఆధునిక విజ్ఞానం, తత్వశాస్త్రం, సాహిత్యం తెలియనిదే విద్య పూర్తి కాదని ఆ రచనలు ఆయనకు బోధపరిచాయి. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుని, బైబిలును ఇంగ్లీషు, ఫార్సీ, ఉర్దూ భాషలలో పక్కపక్కన పెట్టుకుని, నిఘంటువు సాయంతో ఆ భాషను సాధించారు. 1903లో, ఇంకా పదిహేనేళ్ళ వయసులోనే, 'లిసానుస్సిద్ఖ్' పత్రికను ప్రారంభించారు. స్వతంత్ర భారతదేశపు తొలి విద్యామంత్రి వెనుక ఆ బాలుని పఠన దాహం ఉంది.

బేగం రొకేయా 1880లో, నేటి బంగ్లాదేశ్‌లోని రంగ్‌పూర్ ప్రాంతంలో, జమీందారీ కుటుంబంలో పుట్టారు. సంపదకు లోటు లేని ఆ ఇంటిలో ఆడపిల్లలు బెంగాలీ, ఇంగ్లీషు చదవడానికి అనుమతి లేదు. అందరూ నిద్రించిన తరువాత అన్న ఇబ్రహీం దీపపు వెలుగులో చెల్లెలికి రహస్యంగా ఆ భాషలు నేర్పారు. ఆ చెల్లెలు 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథను ఇంగ్లీషులో రాసి మద్రాసు పత్రికలో ప్రచురించారు. 1911లో కలకత్తాలో ముస్లిం బాలికల కోసం బడి తెరిచారు. ఇంటింటికీ వెళ్ళి తల్లిదండ్రులను ఒప్పించి పిల్లలను రప్పించుకున్నారు. తనకు చాటుగా అందిన అక్షరాన్ని ఇతర బాలికలకు బహిరంగంగా అందించడమే ఆమె జీవితకార్యమైంది.

ఏ.పి.జె. అబ్దుల్ కలామ్ బాల్యం రామేశ్వరంలో గడిచింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ రైలు ఆగడం మానేసినప్పుడు, కదిలే రైలు నుంచి విసిరిన వార్తాపత్రికల కట్టలను అందుకోవడం ఆయన తొలి సంపాదన. ఆ ఊరిలో మాణిక్యం అనే జాతీయవాది ఇంట గ్రంథాలయం ఉండేది. పడవలు నడుపుకునే ముస్లిం కుటుంబపు బాలునికి ఆ హిందూ గృహస్థు తన పుస్తకాలన్నీ తెరిచి పెట్టారు. రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన తరువాత కూడా ఆయన పుస్తకాన్ని విడువలేదు.

ఒకరికి పుస్తకం దానంతట అదే చేతికి చిక్కింది. మరొకరికి అన్న అందించాడు. వేరొకరికి పొరుగువారు ఇచ్చారు. ముగ్గురి విషయంలోనూ అది అదృష్టమే. అటువంటి అన్న, అటువంటి పొరుగు లేని పిల్లల సంగతి ఏమిటి? కరీమున్నిసా రొకేయాకు స్వయానా అక్క. ఆమెకూ చదువంటే ప్రాణమే. బెంగాలీ చదువుతున్నదని తెలిసి ఇంటిపెద్దలు ఆమె పఠనాన్ని ఆపివేశారు. పదవ తరగతితో బడి మాన్పించిన మన ఆడపిల్లలలో ఎందరు కరీమున్నిసాలు ఉన్నారో మనం ఎన్నడైనా లెక్కించామా?

2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం, 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లలలో నాలుగింట ఒక వంతు మంది బడి ముఖమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. మదరసాలలో చదివేవారు నాలుగు శాతానికి మించరని కూడా ఆ నివేదికే తేల్చింది. అనగా చదువుకుంటున్న మన పిల్లలలో అత్యధికులు ఉన్నది సాధారణ పాఠశాలల్లోనే. వారికి పుస్తకం అందవలసినదీ అక్కడే.

అందిన పుస్తకంలో తాము కనిపించడం కూడా ముఖ్యం. మన బిడ్డ ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడుతుంది, మసీదులో అరబ్బీ అక్షరాలు దిద్దుతుంది, బడిలో తెలుగో ఇంగ్లీషో చదువుతుంది. దూదేకుల కుటుంబాలలోనైతే ఇంటి భాషే తెలుగు. ఇన్ని భాషల నడుమ పెరిగే బిడ్డ కథల పుస్తకం తెరిస్తే అందులో సహరీకి లేచే ఇల్లు, అమ్మీ చేసే షీర్‌ఖుర్మా, నానీ చెప్పే కథ ఎంత తరచుగా కనిపిస్తాయి? కనిపించకపోతే తన జీవితం పుస్తకానికి తగినది కాదని ఆ పసి మనసు తీర్మానించుకుంటుంది. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు', స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన 'వతన్' కథా సంకలనం ఈ లోటును కొంత తీర్చాయి. అవి మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయి?

పొరుగింటి బిడ్డ చదివేది కూడా మనకు సంబంధించినదే. ప్రేమ్‌చంద్ 'ఈద్‌గాహ్' కథలో హామిద్ అనే అనాథ బాలుడు పండుగ సంతలో మిఠాయి కొనుక్కోడు. రొట్టెలు కాల్చేటప్పుడు దాదీ చేతులు కాలుతున్నాయని తన మూడు పైసలతో పట్టకారు కొంటాడు. ఆ కథ చదివి పెరిగినవారు ముస్లిం బాలుని ముందుగా మనవడిగా ఎరుగుతారు. ముస్లింను చరిత్రపాఠంలో దండెత్తి వచ్చినవాడిగా మాత్రమే ఎరిగినవారికి, పెద్దయిన తరువాత మనకు ఇల్లు అద్దెకివ్వడానికే జంకు కలుగుతుంది.

అందువల్ల ఇది దయాధర్మాలకు వదిలివేయవలసిన విషయం కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలలో గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రికలు, కథల పుస్తకాలు కూడా ఉండాలని స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలని కూడా నిర్దేశించింది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనమూ చెల్లిస్తున్నాం. కనుక కమిటీలలో మన తల్లులు చేరాలి. పుస్తకాలు తాళం వేసిన బీరువాలో ఉన్నాయా, పిల్లల చేతిలో ఉన్నాయా అని అడగాలి. మన బస్తీకి శాఖా గ్రంథాలయం కోరాలి. తెలుగుతో పాటు ఉర్దూ పుస్తకాలు తెప్పించమని రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి.

ఇంటిలో చేయవలసినది ఇంకా సులభం. ఈద్‌కు కొత్త బట్టలతో పాటు ఒక కథల పుస్తకం కొందాం. చదవడం రాని తల్లి కూడా బిడ్డ చేత చదివించుకుని వినవచ్చు. కూతురు పుస్తకం పట్టుకున్న అరగంటసేపు ఏ పనీ పురమాయించకుండా ఉందాం. రొకేయా దీపం చాటున చదివిన కాలం గడిచి నూరేళ్ళు దాటింది. మన ఆడపిల్లలు పట్టపగలు, నట్టింట కూర్చుని చదువుకోవాలి. అల్లాహ్ మన ప్రయత్నాన్ని సఫలం చేయుగాక.